ఈ నెల ఆరోగ్య పాఠం: ఫోనులో వాతావరణం చూడటం, ఇంట్లో రోగికి వాడుకోవడం

ఈ నెల పాఠం మందుల గురించి కాదు, మీ చేతిలో ఉండే ఫోను గురించి. అందులో ఎండ, వాన, తుపాను కబుర్లు చూడటం ఇప్పుడు అందరికీ అలవాటే. అయితే చూసినదాన్ని ఇంట్లో ఉన్న రోగికి ఎలా వాడుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ పాఠం రాయాలని మాకు ఎందుకు అనిపించిందో ముందు చెబుతాము.

కిందటి ఏడాది మే నెలాఖరులో, మధ్యాహ్నం మూడు గంటలవేళ, ఒక టైలరు పెద్దాయనను కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. బీపీకి మా దగ్గరే మందులు వాడుతున్నారు. వాటిలో ఒకటి ఒంట్లో నీరు తీసే మాత్ర. పెళ్లిళ్ల బట్టలు ఇవ్వాల్సి ఉండి, పొద్దుటి నుంచి రేకుల షెడ్డులో మిషను ముందు నుంచి లేవలేదు. మేము చూసేసరికి మాట తడబడుతోంది. కొడుకు పేరు అడిగితే తమ్ముడి పేరు చెప్పారు. ఒళ్లు కాలిపోతోంది. థర్మామీటరు 105 చూపించింది. వడదెబ్బ అని అర్థమై, వెంటనే బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టి, మెడకు, చంకలకు, గజ్జలకు ఐసు పెట్టాము.

ఆ గడబిడలో కొడుకు అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. "డాక్టరమ్మగారూ, నేను రోజూ పొద్దున్నే చూస్తానండీ. మొన్న నలభై రెండు అంటే నాన్నగారిని పనికి వెళ్లొద్దన్నాను. ఇవాళ ముప్పై ఎనిమిదే చూపించిందండీ."

ఆ అబ్బాయి నిర్లక్ష్యం చేయలేదు. చాలామంది కంటే ఎక్కువ జాగ్రత్తే తీసుకున్నాడు. ఫోను కూడా అబద్ధం చెప్పలేదు. ఆ అంకె ఒక్కదాన్నే చూడటంలో వచ్చిన చిక్కు అది. పెద్దాయన నాలుగు రోజులు వార్డులో ఉండి ఇంటికి వెళ్లారు. అందరికీ అలా జరగదు. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు మన దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. 2003 వేసవిలో కూడా మన ప్రాంతంలో వెయ్యిమందికి పైగా పోయారు. "రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయి" అని పెద్దలు ఊరికే అనలేదు.

అంకె చెప్పేది, చెప్పనిది

వాతావరణ శాఖవారు ఎండను ఎండలో కొలవరు. ఆరుబయట నేల మీద కాళ్లు పెట్టి నిలబెట్టిన తెల్లని చెక్కపెట్టెలో థర్మామీటరు ఉంటుంది. పెట్టెకు చుట్టూ గాలి ఆడేలా సందులు ఉంటాయి. అంటే 38 డిగ్రీలు అన్నది గాలి ఆడే నీడలో ఉన్న వేడి. రేకుల కింద, ఇస్త్రీపెట్టె పక్కన, కిటికీ లేని గదిలో, తారు రోడ్డు మీద అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువన్నది ఏ యాప్‌కూ తెలియదు. అది మీ ఇల్లు, మీకే తెలియాలి.

రెండోది తేమ. మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరడం వల్ల. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట కారుతుంది గాని ఆరదు. దాన్నే మనం ఉక్కపోత అంటాము. 35 డిగ్రీల ఎండకు 70 శాతం తేమ తోడైతే, ఒంటికి తగిలేది దాదాపు 50 డిగ్రీల వేడి. అందుకే రాయలసీమలో 41 డిగ్రీల పొడి ఎండను తట్టుకున్న మనిషి, కాకినాడలోనో మచిలీపట్నంలోనో 37కే సోలిపోవచ్చు. వాతావరణ శాఖవారు కూడా ఈ తేడా పాటిస్తారు. మైదాన ప్రాంతంలో వడగాలి అని చెప్పాలంటే ఎండ కనీసం 40 ఉండాలి, సముద్రతీరంలో 37 చాలు. రెండుచోట్లా అది మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ కావాలి. 45 డిగ్రీలు తాకితే మాత్రం మామూలుతో పోల్చే పని లేదు, అది వడగాలే.

ఇక్కడ "మామూలు" అన్న మాటకు ఒక అర్థం ఉంది. 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్లలో ఆ ఊళ్లో, ఆ తేదీన ఉన్న వేడికి సగటు అది. వార్తల్లో "సాధారణం కంటే 5 డిగ్రీలు ఎక్కువ" అన్నప్పుడు మీరు చెవి ఒగ్గాల్సింది ఆ మాటకే. ఏప్రిల్ మొదట్లో వచ్చిన 40 డిగ్రీలు, మే చివర్లో వచ్చిన 40 కంటే ఎక్కువమందిని పడేస్తుంది. ఒళ్లు ఇంకా ఎండకు అలవాటు పడి ఉండదు.

మూడోది రాత్రి. రాత్రి కూడా 30 డిగ్రీల దగ్గరే ఉంటే ఒంటికి విశ్రాంతి దొరకదు, గుండెకు పని తగ్గదు. వడగాలుల్లో రెండో రోజు, మూడో రోజు ఎక్కువమంది మా దగ్గరికి రావడానికి ఇదొక కారణం. కాబట్టి పొద్దున్నే ఫోను చూసినప్పుడు పగటి వేడి, తేమ శాతం, రాత్రి వేడి, ఈ మూడూ చూడండి. చాలా యాప్‌లలో "ఫీల్స్ లైక్" అని ఇంకో అంకె ఉంటుంది. తేమను కూడా కలిపి ఒంటికి ఎంత తగులుతుందో చెప్పే అంకె అది. తీరంలో ఉండేవారు పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెకు బదులు దాన్ని చూసుకుంటే మేలు.

ఆ టైలరు పెద్దాయన విషయంలో ఇవన్నీ కలిశాయి. పైగా నీరు తీసే మాత్ర ఉంది. ఈ మాట చదివి ఆ మాత్రను మీ అంతట మీరు ఆపేయకండి. ఆపితే ఆయాసం వచ్చి అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చినవాళ్లనూ చూశాము. ఎండలు ముదరకముందే, మార్చి నెలలోనే, ఒకసారి వచ్చి మోతాదు గురించి అడగండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లు కొలిచి తాగమని చెప్పినవారు, వేసవిలో ఎంత తాగవచ్చో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి. "ఎండాకాలం నీళ్లు బాగా తాగండి" అని టీవీలో చెప్పేది వారికి వర్తించదు.

ఎక్కడ చూడాలి

ఫోను కొన్నప్పుడే అందులో ఉండే వాతావరణం బొమ్మ చెడ్డదేమీ కాదు. కాని అది ఏదో కంప్యూటరు లెక్కను నేరుగా తెచ్చి చూపిస్తుంది. మీ జిల్లాకు హెచ్చరిక ఇచ్చే బాధ్యత దానికి లేదు. ఆ బాధ్యత ఉన్నది భారత వాతావరణ శాఖకు. 1875 నుంచి పని చేస్తున్న శాఖ అది. మన ప్రాంతానికి అమరావతి, హైదరాబాదు కేంద్రాలు, విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్నాయి. వారి వెబ్‌సైటు పేరు మౌసమ్ డాట్ ఐఎమ్‌డీ డాట్ గవ్ డాట్ ఇన్. అదే పేరుతో, అంటే "మౌసమ్" అని, ఫోనులో వేసుకునే యాప్ కూడా ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు.

వెబ్‌సైటు తెరవగానే బోలెడన్ని బొమ్మలు, మ్యాపులు కనిపించి కంగారు పుడుతుంది. అవన్నీ మనకు అక్కర్లేదు. జిల్లాలవారీ హెచ్చరిక, రాబోయే మూడు గంటల సూచన, ఈ రెండూ చాలు. జిల్లా హెచ్చరిక రాబోయే రోజులకు ఒక్కో రంగులో ఉంటుంది. మూడు గంటల సూచన పగలూ రాత్రీ మారుతూ ఉంటుంది. సాయంత్రం రోగిని తీసుకుని బయలుదేరాలా, గంట ఆగాలా అన్నది తేల్చుకోవడానికి రెండోది పనికొస్తుంది.

ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థవారు వేసవిలో ఏ మండలంలో వడగాలి, ఏ మండలంలో తీవ్ర వడగాలి అని తెలుగులోనే జాబితా ఇస్తారు. జిల్లా పెద్దది, మండలం పేరు చూసుకోవడం తేలిక. ఇది కాక, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి "సచేత్" యాప్ ఉంది. మీరున్న చోటు ఎంచుకుంటే హెచ్చరిక దానంతట అదే వస్తుంది. చదువు రానివారి ఇంట్లో పిల్లలెవరైనా దీన్ని ఒకసారి వేసిపెడితే సరిపోతుంది.

పదిహేను రోజుల తర్వాత ఫలానా తేదీన వాన పడుతుందా అని ఫోనులో చూసి పెళ్లికి పందిరి మాట్లాడుకునేవారిని చూస్తుంటాము. అంత దూరపు బొమ్మను నమ్మి ఆపరేషను తేదీ మార్చమని మమ్మల్ని అడిగినవారు కూడా ఉన్నారు. మూడు నాలుగు రోజుల లోపు సూచనకు విలువ ఇవ్వండి. వారం దాటినది ఊహకు దగ్గర.

రంగులు, మాటలు

ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధపడండి. ఎరుపు అంటే ఇప్పుడే చేయాల్సింది చేయండి. ఇది అందరికీ ఇచ్చిన లెక్క. మా రోగులకు మేము ఒక మెట్టు ముందుకు జరిపి చెబుతున్నాము. ఇంట్లో పసిబిడ్డ, నిండు చూలాలు, డెబ్బై దాటినవారు, గుండె, కిడ్నీ, షుగరు రోగులు ఉంటే పసుపును నారింజగా, నారింజను ఎరుపుగా తీసుకోండి. ఇది వాతావరణ శాఖ చెప్పినది కాదు, మా వార్డు నేర్పినది. తీరప్రాంతంలో "వేడి, ఉక్కపోత" అన్న పసుపు హెచ్చరిక వచ్చిన రోజుల్లో మా క్యాజువాలిటీ మంచాలు నిండటం మేము చూస్తూనే ఉన్నాము.

వాన విషయంలో మాటలకు కొలతలు ఉన్నాయి. "భారీ వర్షం" అంటే ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటేది. 115.6 నుంచి "అతి భారీ". 204.4 దాటితే అంతకంటే పైమెట్టు, "అత్యంత భారీ". రోజు అంటే వారి లెక్కలో ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ జిల్లాలో నాలుగో వంతు చోట్ల లోపే పడవచ్చు అని. మీ వీధిలో చినుకు పడకపోతే వారు తప్పు చెప్పారని కాదు. పక్క మండలంలో వాగు పొంగి మీ దారి మూసుకుపోవచ్చు.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది, ఆ కబురు ఎప్పుడు ఇచ్చారన్నది. ప్రతి బులెటిను పైన తేదీ, గంట ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చేవాటికి ఉండవు. ఏ తుపాను వచ్చినా పాత వీడియో ఒకటి కొత్త పేరుతో తిరుగుతుంది. ఒకసారి మా దగ్గర డయాలసిస్ చేయించుకునే ఒకావిడ, "రేపు రోడ్లన్నీ మూసేస్తారట" అన్న మెసేజి నమ్మి రాలేదు. ఆ రోజు ఎండ కాసింది. రెండు రోజుల తర్వాత ఆయాసంతో వచ్చారు. ఆ మెసేజి ఏ సంవత్సరానిదో పంపినవారికీ తెలియదు. తేదీ లేని హెచ్చరికను ఇంకొకరికి పంపకండి, సంఘపు గ్రూపుల్లో అసలే వద్దు.

తుపాను వస్తుందన్నప్పుడు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలమంది వరకు చనిపోయారు. అప్పుడు రేడియో ఉన్న ఇళ్లే తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకేనాటికి రోజుల ముందే కబురు అందింది, లక్షలమందిని ముందే తరలించారు. ప్రాణనష్టం ఎంతో తగ్గింది. కాని కరెంటు పోయి, చెట్లు పడి, రోజుల తరబడి మందులకు, నీళ్లకు జనం అల్లాడారు. ఇంట్లో రోగి ఉన్నవారు సిద్ధపడాల్సింది గాలికి ఒక్కదానికే కాదు, ఆ తర్వాతి వారానికి కూడా.

తుపాను హెచ్చరికలు మెట్లుగా వస్తాయి. సుమారు మూడు రోజుల ముందు ఒక తొలి కబురు, కనీసం 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు తీరం దాటే చోటుతో సహా హెచ్చరిక, తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు లోపలి జిల్లాల సంగతి. మనకు పని చేసుకోవడానికి దొరికేది ఆ 48 గంటల మెట్టు. చివరి 12 గంటల్లో ఆటో దొరకదు.

నిండు నెలలవారు, కాన్పు తేదీ రెండు వారాల్లో ఉన్నవారు, ఆ 48 గంటల కబురుకే ఆసుపత్రికి గాని, ఆసుపత్రి ఉన్న ఊళ్లోని బంధువుల ఇంటికి గాని వచ్చేయండి. ఊరికే వచ్చామే అని మొహమాటపడకండి, మేము ఏమీ అనుకోము. డయాలసిస్ వారు ముందే ఫోను చేస్తే వారి వంతు ఒక రోజు ముందుకు జరపడానికి చూస్తాము. అది కుదరకపోతే, డాక్టరు చెప్పినట్టు నీళ్లు తగ్గించి, అరటిపళ్లు, కొబ్బరినీళ్లు పూర్తిగా మానేయాలి. ఇంట్లో ఆక్సిజను మిషను వాడేవారు కరెంటు లేకుండా ఎంతసేపు ఉండగలరో ఇప్పుడే మమ్మల్ని అడగండి, గాలి మొదలయ్యాక కాదు. టీబీ, ఫిట్స్, షుగరు, బీపీ మందులు పది రోజులకు సరిపడా తెచ్చి, చీటీతో సహా ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి పెట్టుకోండి.

ఇన్సులిన్ గురించి ఎక్కువమంది అడుగుతారు. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయినంత మాత్రాన సీసా పారేయకండి. వాడకంలో ఉన్న సీసా నీడలో, చల్లని గదిలో దాదాపు నాలుగు వారాలు ఆగుతుంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా చిన్న డబ్బాలో పెట్టండి. ఐసుకు ఆనించి మాత్రం పెట్టవద్దు, గడ్డ కడితే పాడైపోతుంది. ఎండాకాలంలో కూడా ఇదే పద్ధతి.

టీవీలో తుపాను మ్యాపు చూపించినప్పుడు మధ్యలో ఒక గీత, దాని చుట్టూ గరాటులాంటి ఆకారం ఉంటాయి. జనం గీతనే చూస్తారు. "మన ఊరు గీత మీద లేదు" అని ఊపిరి పీల్చుకుంటారు. తుపాను ఆ గరాటులో ఎక్కడికైనా పోవచ్చు, వాన ఆ గరాటు దాటి కూడా పడవచ్చు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర. దానికి ముందు రెండు రోజులు నీట మునిగింది చెన్నై.

రేడియోలో, పేపర్లలో వచ్చే "మూడో నంబరు", "పదో నంబరు" ప్రమాద సూచికలు ఓడరేవుల్లో పడవలకు, ఓడలకు ఎగరేసేవి. అంకె పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నంత వరకు నిజమే గాని, మన ఇంటికి సంబంధించిన కబురు జిల్లా హెచ్చరికలో ఉంటుంది.

పిడుగులకు వేరే యాప్ ఉంది, పేరు "దామిని". పుణేలోని ఐఐటీఎం వారు తయారుచేశారు. మీ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెబుతుంది. పొలం వెళ్లేవారి ఫోనులో ఇది ఉండాలి. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి పోకుండా పక్కా ఇంట్లోకి వెళ్లి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. గుండె ఆగితే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోను చేయించండి.

మేము మొదలుపెట్టినవి

ఇప్పుడు ప్రతి ఉదయం ఓపీ కౌంటరు పక్కన బోర్డు మీద మన జిల్లా రంగు, పగటి వేడి, తేమ, బులెటిను ఇచ్చిన గంట సుద్దతో రాస్తున్నాము. నారింజ లేదా ఎరుపు ఉన్న రోజు బీపీ, షుగరు చెకప్‌కు వచ్చేవారిని ఉదయం పది లోపే చూసి పంపుతున్నాము. దూరపు ఊళ్లవారు ముందు రోజు ఫోను చేసి అడగవచ్చు. పిల్లల వీబీఎస్ తరగతులు మే నెలలో ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదికల్లా ముగించమని, పందిట్లో కాకుండా లోపల పెట్టమని సంఘ పెద్దలను అడిగాము, ఒప్పుకున్నారు. మధ్యాహ్నం భోజనం పెట్టి పంపాలన్న తల్లులకు కాస్త నిరాశే.

వడదెబ్బ తగిలిన మనిషిని చూస్తే ఏం చేయాలో ఇదివరకటి సంచికలో రాశాము గాని మళ్లీ చెబుతున్నాము. మాట తడబడినా, మగత ఉన్నా అది మామూలు అలసట కాదు. నీడకు చేర్చి, నీళ్లు పోసి, విసురుతూనే 108కి ఫోను చేయండి. జ్వరం బిళ్ల ఈ వేడిని తగ్గించదు. మగతలో ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయకండి. తెలివిగా ఉండి నీరసపడిన మనిషికైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి.

మౌసమ్, సచేత్, దామిని ఎలా వేసుకోవాలో తెలియనివారు బుధవారం, శనివారం ఓపీ అయ్యాక ఫోను తీసుకుని కౌంటరు దగ్గరికి రండి. సిస్టరుగారు గాని, నర్సింగు విద్యార్థులు గాని వేసిపెట్టి, తెలుగులోకి మార్చి చూపిస్తారు. పోయినసారి ఆ టైలరుగారి కొడుకు కూడా వచ్చి పక్కన కూర్చుని నలుగురికి నేర్పించాడు. వాళ్ల షెడ్డు మీద ఇప్పుడు తాటాకు కప్పించారట. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మిషను మూసే ఉంచుతున్నారట.